కొంగగూడు ఉన్న స్తంభం

శుక్రవారం సాయంత్రం ఆట తయారుచేసేవాళ్ళు
ఒకే ఒక్క బొమ్మ వదిలారు.
తడిసిన రోడ్డు, ఎడమ పక్కన కరెంటు స్తంభం,
దాని నెత్తిన నల్లటి ముద్ద ఏదో.
కింద ఒక్క మాట రాయలేదు.
రాయకపోవడమే వాళ్ళ వ్యాపారం.

ఆ రాత్రి లూద్జా ఊరి బయట పెట్రోలు బంకులో
డ్యూటీ నాది.
కాఫీ మిషనుకు ఫోను ఆనించి
బొమ్మను రెండు వేళ్ళతో లాగాను.
పిండిలా సాగి, సాగి,
చివరికి బూడిదరంగు గళ్ళయి కూర్చుంది.

రైల్వే యార్డులో క్రేను నడిపే జెంటా
షిఫ్టు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది.
"కొంగగూడు" అంది, కోటు గుండీ విప్పకుండానే.
"స్తంభం మీద కొంగ కాపురం పెట్టేది మన లాత్వియాలోనే."
"పోలండు కొంగలు హోటల్లో ఉంటాయా?" అన్నాడు రైవిస్.
పదిహేడేళ్ళవాడు. గడ్డం రాలేదు గానీ అనుమానాలన్నీ వచ్చాయి.
వాడు గూడు జోలికే పోలేదు.
రోడ్డు అంచున తెల్లగీతను స్కేలు పెట్టి కొలిచి
లారీ టైరు నీడతో భాగించి
కాసేపు కళ్ళు మూసుకున్నాడు,
జ్యోతిష్కుడిలా.

కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటారు కదా,
మేము పీకిన ఈకలకు రంగులు కూడా చెప్పాం.

ఈసారి అద్దం మీద బురద చిమ్ముతుందట.
వైపరు అరిగితే కీచుమంటుందట.
మలుపులో ఆవు అడ్డం నిలబడి
హారను కొట్టినా కదలదట.
ఎవరన్నారు?
ఎవరో అన్నారని ఎవరో అన్నారు.

రెండు దాటాక వేడినీళ్ళ కోసం గింటౌతస్ వచ్చాడు.
సరిహద్దు క్యూలో మూడో రోజు అతనికి.
నిజం లారీ, నిజం సరుకు, ఇరవై టన్నుల టైల్సు.
తొమ్మిది గంటల విశ్రాంతి తప్పనిసరి కాబట్టి
క్యాబిన్లో పరుపు మీద కూర్చుని
ఒళ్ళో చిన్న స్టీరింగు పెట్టుకుని
అతనూ ఇదే ఆటలో లారీ తోలుతుంటాడు.
బొమ్మ చూపించాం.
ఫ్లాస్కు మూత బిగిస్తూ చాలాసేపు చూశాడు.
"వాన తప్పు" అన్నాడు.
"తారు పాతదైతే ఇంత మెరవదు.
ఎండలో కూర్చుని గీశాడెవడో."
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు:
"కొత్త మ్యాపులో సరిహద్దు క్యూ కూడా పెడతారా?
పెడితే నేను కొనను."

నాకేం కావాలో వాళ్ళకు చెప్పలేదు.
కోట గోడలొద్దు, సరస్సులొద్దు,
ఈ బంకు చాలు.
మూడో దీపం ఆరిపోయే ఉండాలి, ఇప్పటిలాగే.
పోర్చుగల్లో నిద్రపట్టనివాడెవడో
డీజిలు కోసం ఇక్కడ ఆగాలి.
కిటికీ వెనక నాలాంటి ఆకారం ఒకటి,
మొహం గీయకపోయినా ఫరవాలేదు,
ఒక్కసారి తల ఎత్తితే చాలు.

మార్చిలో మ్యాపు వచ్చింది.
ఏదో సముద్రతీరం. మెట్లమెట్లుగా ఊళ్ళు, నిమ్మతోటలు.
స్తంభం మీది ముద్ద
పాతకాలపు సైరను.
జెంటా రెండు రోజులు ఫోను ఎత్తలేదు.
మూడో రోజు ఆ నిమ్మతోటల మధ్య
సిమెంటు బస్తాలు మోస్తూ కనిపించింది,
వేగం నలభై దాటకుండా,
ప్రతి స్తంభం దగ్గరా కొంచెం నెమ్మదిస్తూ.
రైవిస్ మాత్రం తెల్లగీత లెక్క
సరైనదేనంటాడు,
దేశమే తప్పట.

నిన్న మళ్ళీ శుక్రవారం.
మళ్ళీ ఒక బొమ్మ.
అంతా పొగమంచు, ఇంకేమీ లేదు, రోడ్డు కూడా.
జెంటా నా భుజం మీదుగా వంగి చూసింది.
టీ చల్లారిపోయేదాకా చూసింది.
"ఇది" అంది,
"మన పొగమంచే."